పొట్ట ఈడ్చిన దారి

నీటికోడికి చిన్ననాడు ముసలి తాబేలమ్మ ఒక సంగతి నూరిపోసింది. "గట్టు మీద బురద అలికినట్టు నున్నగా ఉండి, నడుమ తోక గీత, అటూ ఇటూ గోళ్ల గుర్తులు కనిపిస్తే అది మొసలి పొట్ట ఈడ్చిన దారి. అటు పోకు తల్లీ."

అది పెద్దదై పిల్లల తల్లయిన ఏడు ఎండలకు చెరువు నెర్రెలు బారింది. నీటికోడి తన నాలుగు పిల్లల్నీ వెంటేసుకుని మూడు మడుగులు తిరిగింది. ఎక్కడా చుక్క లేదు. ఆఖరి పిల్ల నడవలేక కూలబడింది. సరిగ్గా అక్కడే ఆ జాడ కనిపించింది.

నీటికోడి వెనుదిరగబోయి ఆగింది. ఇంత ఎండలోనూ ఆ గీత తడిగా ఉంది! తాబేలమ్మ చెప్పని ముక్క దానికి అప్పుడు తట్టింది. మొసలి తడిగా వచ్చిందంటే దగ్గర్లో నీళ్లున్నట్టే.

కూలబడ్డ పిల్లను వీపు మీద ఎక్కించుకుని జాడ పట్టుకుని పోతే తుంగ దుబ్బుల వెనక మొసలి తవ్వుకున్న గుంట, గుంట నిండా నీళ్లు. నీళ్ల మీద రెండు కళ్లు.

"మామా, పిల్లలకు దాహం" అంది నీటికోడి.

"నీకోసం తవ్వలేదే దీన్ని!" అని గసిరింది మొసలి. "ఇప్పుడు కడుపు నిండా చేపలున్నాయి, తాగి పొండి. ఆకలేస్తే నన్ను నేనే నమ్మను."

పిల్లలు తాగి బతికాయి.

వానలు పడి చెరువు నిండాక ఒకరోజు గట్టు మీద మళ్లీ అదే జాడ. "అమ్మా, ఇది మామ దారే కదా! ఏం చెయ్యాలి?" అన్నాయి పిల్లలు.

నీటికోడి ఆ దారికి తల వంచింది.

"ముందు దణ్ణం పెట్టండి. తర్వాత వెనక్కి చూడకుండా పరిగెత్తండి."