సీసపు బాణం

"సీసంతో బాణమా? నేను చెయ్యను" అన్నాడు స్టావ్రినోస్, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుంటూ.

పాఫోస్ పట్టణపు పాత బజారులో అతనిది నగల కొట్టు. ప్రేమికుల రోజు దగ్గర పడింది. అద్దాల బీరువా నిండా బాణం గుచ్చుకున్న హృదయాలు, పావురాల చెవిపోగులు, గులాబీ ఉంగరాలు. జనం వాటికోసం ఎగబడుతుంటే, ఎదురుగా మందుల షాపు నడిపే థెక్లా మాత్రం వచ్చి సీసం అడుగుతోంది.

"ఎందుకు చెయ్యరు? ప్రేమదేవుడు ఎరోస్ అంబులపొదిలో రెండు రకాలూ ఉండేవి. బంగారు బాణం తగిలితే ప్రేమ పుడుతుంది. సీసపు బాణం తగిలితే ఉన్నది కూడా చస్తుంది. మీరు బంగారం ఒక్కటే పట్టుకుని, మిగతా సగం కథ దాచేసి అమ్ముకుంటున్నారు."

"విరక్తిని ఎవరు కొంటారండీ?"

"నేను కొంటాను."

"ఎవరి మీద వేద్దామని?"

"మీకెందుకు? మందుల చీటీ తెస్తే జబ్బు ఎవరికని నేనడుగుతానా?"

"అడుగుతారు. మొన్న నా దగ్గు గురించి బజారంతా వినేలా అడిగారు."

మామూలుగా అయితే ఆ మాటకు థెక్లా పకపకా నవ్వేది. ఇప్పుడు నవ్వలేదు. అది చూసి స్టావ్రినోస్ గొంతు తగ్గించాడు.

"అపోలో దేవుడి సంగతి తెలుసుగా. అతనికి బంగారుది తగిలింది, వనకన్య డాఫ్నేకి సీసంది. అతను వెంటపడ్డాడు. ఆవిడ పారిపోయి పారిపోయి చివరికి చెట్టయిపోయింది. మనం కుందేలు కూరలో వేసుకునే ఆకు ఆవిడదే. అంత పాపం నా చేత చేయిస్తారా?"

"చెట్టయితేనేం, ప్రశాంతంగా ఉంటుంది. చేస్తారా, లిమసోల్ వెళ్లి చేయించుకోమంటారా?"

అతను పండగనాటికి రమ్మన్నాడు.

ఆ తర్వాత అతనికి అదే ధ్యాస. ఎవరి మీద ఆమెకంత కోపం? చేపల పడవల ఆసామి ఒకడు తలనొప్పి లేకపోయినా రోజూ ఆమె దగ్గర మాత్రలు కొంటున్నాడని కాఫీ కొట్లో చెప్పుకుంటున్నారు. అతనికేనా? ఆ వెంటనే ఇంకో మనిషి తట్టాడు. ఆకురాయి పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పండగనాడు బేరాలు పలచబడ్డాక థెక్లా వచ్చింది. వేలెడంత కూడా లేని నల్లటి బాణాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత తన జాకెట్టు మెడ దగ్గరే గుచ్చుకుంది.

"మీకా?" స్టావ్రినోస్ తెల్లబోయాడు.

"నాకే. ఈ కొట్టు వైపు చూస్తూ చూస్తూ ఒకరి మందులు ఇంకొకరికి ఇచ్చేస్తున్నాను. ఈ వయసులో నాకిదేం ఖర్మ? ఇకనైనా ఆ పిచ్చి వదలనీండి."

అనేసి, అతని ముఖం చూడకుండా గుమ్మం వైపు నడిచింది. అతను బల్ల చుట్టూ తిరిగి వచ్చి దారికి అడ్డంగా నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అది పనిచెయ్యదు థెక్లా. నా మీదే వేస్తావేమోనని భయమేసి, బంగారంతో చేసి పైన సీసం పూశాను."