వాల్వు ఆరిపోయాక

దమయంతి చిన్నమ్మ పోయినప్పటి నుంచి కిషన్ రావు బాబాయికి రాత్రిళ్లు నిద్ర లేదు. ఆమె పాత రేడియోలోంచి బల్బులాంటి గాజు వాల్వు ఊడదీసి, హెడ్‌ఫోన్లకు యాంప్లిఫయర్ తయారుచేస్తూ కూర్చునేవాడు. ముందు వాల్వు, వెనక ట్రాన్సిస్టర్లు. అది పూర్తయితే పడుకుంటానన్నాడు.

ఆ రాత్రి చిక్కడపల్లిలో వాన అప్పుడే వెలిసింది. బాబాయి హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టి, వాల్వు గాజును పెన్సిలుతో తట్టాడు.

"ఇనబడుతున్నదా బిడ్డా?"

చెవిలో టింగుమంది. తలూపాను.

"తడితే గట్ల మోగొద్దు. కింద రబ్బరు పెట్టాలె, జర ఆగు."

ప్లగ్గు పీకేశాడు. వాల్వులోని ఎర్రటి వెలుగు మెల్లగా ఆరిపోయింది. ఆయన డబ్బాలో రబ్బరు ముక్క వెతుకుతున్నాడు. నేను హెడ్‌ఫోన్లు తీయడం మరిచిపోయాను.

టింగ్ టింగ్. కాసేపు ఆగి, టింగ్.

పల్లె నుంచి నారాయణగూడ కాలేజీకి వచ్చి వీళ్లింట్లో దిగిన కొత్తలో, ఆకలైనా అన్నం అడగడానికి నాకు సిగ్గు. అందుకే చిన్నమ్మ వంటింట్లో చేతిగాజులతో కంచం మీద అచ్చం అలాగే కొట్టి పిలిచేది.

బాబాయి తలెత్తాడు.

"ఏమన్న ఇనబడ్డదా?"

ఉన్నది చెబితే ఆయన ఇక ఎన్నటికీ పడుకోడు.

"లేదు బాబాయ్."

ఆయన రబ్బరు డబ్బా పక్కన పెట్టాడు.

"మరి వంటింటి దిక్కు ఎందుకు లేచినవ్?"

అప్పుడు చూసుకున్నాను. వైరు సాగినంత దూరం నడిచి నిలబడి ఉన్నాను.

బాబాయి హెడ్‌ఫోన్ల కోసం చెయ్యి చాచాడు.