పన్నెండో విడత

“పన్నెండులో ఉన్నదాన్ని పదకొండులోకి జరపండి అక్కా. ఒక్క గీత. మూడో కంటికి తెలీదు,” అన్నాడు మేనేజరు, తలుపు దగ్గరగా వేసి.

రిజిస్టరమ్మ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. ఆఫీసులో అందరూ ఆమెను పిలిచే పేరు అదే. అంబులెన్సులు నడిపే ఆ సంస్థలో ఏ సాఫ్ట్‌వేర్ ఏ పని చేస్తుందో, రెండేసి వారాల విడతల్లో ఎప్పుడు ఏం మార్చారో, కంప్యూటర్లో పెద్ద పట్టికలాంటి రిజిస్టరులోకి ఎక్కించడం ఆమె ఉద్యోగం. ప్రతి మార్పుకూ ఎదురుగా ‘తనిఖీ అయింది’ అనే గడి ఒకటి ఉంటుంది. తనిఖీ చేసినవాళ్లు అందులో టిక్కు పెట్టాలి; మరిచిపోయినవాళ్ల గడులు ఆమే నింపేది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ విడత మూసుకోదు. మిగతా శాఖల విడతలు వారాల తరబడి నోరు తెరుచుకుని ఉండేవి గానీ, ఆమెవి మాత్రం ఏ శుక్రవారమూ ఆగలేదు. ఆ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకునేది.

“జరిపితే ఏమవుతుందట?”

“పదకొండో విడత తనిఖీలన్నీ మాస్టారివే కదా. ఆయన పేరు పడుతుంది. ఆయన పోయి నెలన్నరైంది. ఇప్పుడు కొత్తగా ఆయనకి పోయేదేముంది?”

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మాస్టారు ఇద్దరికీ పని నేర్పిన మనిషి. చివరి రోజు దాకా ఇదే గదిలో, ఆ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పనిచేశాడు.

“ఆయన చెయ్యని తప్పు ఆయన నెత్తిన రుద్దమంటావా? నీకు నోరెలా వచ్చిందిరా?”



జరిగింది చిన్న విషయం కాదు. కిందటి నెలలో ఒక టాక్సీ డ్రైవరుకు గుండెనొప్పి వచ్చింది. భార్య ఫోన్ చేసింది. దగ్గర్లో ఉన్న బండి ఇదేనని సాఫ్ట్‌వేర్ ఒక అంబులెన్సును చూపించింది. ఆ బండి చక్రాలు ఊడదీసి షెడ్డులో ఉంది. రెండో బండి వెళ్లేసరికి నలభై నిమిషాలైంది. అప్పటికే అంతా అయిపోయింది. మరమ్మతులో ఉన్న బండ్లను కూడా లెక్కలోకి తెచ్చిన ఆ మార్పు పన్నెండో విడతలో వచ్చింది. దానికి ‘తనిఖీ అయింది’ అని టిక్కు పెట్టింది ఎవరు? మధ్యాహ్నం విచారణ కమిటీ అడగబోయే ప్రశ్న అదొక్కటే. ఆ పేర్లు ఆమె తెరమీద కనిపించవు. మేనేజరుకు కనిపిస్తాయి, ఆమె రిజిస్టరుకు తాళం వేశాక వచ్చే నివేదికలో కనిపిస్తాయి.

“బయట వరండాలో ఎవరు కూర్చున్నారో చూశావా?” అందామె.

“చూశాను.”

“పొద్దున ఆ డ్రైవరు భార్య నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? ‘ఎవరో ఒక్క పేరు చెప్పండి మేడమ్, తిట్టుకోనైనా తిట్టుకుంటాను’ అంది. మాటిచ్చాను. పేరు దాచనివ్వనని మాటిచ్చాను.”

“అక్కా, మీకు దణ్ణం పెడతాను. ఒక ఇల్లు కూలిపోతుంది.”

“ఎవరి ఇల్లు?”

మేనేజరు తలుపును ఇంకాస్త దగ్గరికి నెట్టాడు.

“నీ ఇల్లేనా?”

“నాదే అనుకోండి.”

ఆమె అతని వంక చూసింది. ఏడేళ్ల కిందట మౌసు పట్టుకోవడం కూడా రాని కుర్రాడు. తన డబ్బాలో అన్నం సగం పెట్టి పెంచింది. జాలేసింది. కానీ వరండాలో ఉన్న మనిషి గుర్తుకొచ్చి ఆ జాలిని దిగమింగింది.

“మీరిక వెళ్లండి సార్,” అంది.

ఆమె అతన్ని మీరు అనడం అదే మొదటిసారి. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

“తాళం వెయ్యకండి అక్కా. నా మాట వినండి. మీకు తెలియకపోవడమే మంచిది.”

“తెలియాల్సింది ఆవిడకి. నాకు కాదు.”

పన్నెండో విడతను ఉన్నచోటే ఉంచి, ఆమె రిజిస్టరుకు తాళం వేసింది. ఇక దాన్ని ఎవరూ మార్చలేరు. నివేదిక కమిటీ సభ్యులందరికీ వెళ్లిపోయినట్టు తెరమీద పడింది. మేనేజరు గోడకు ఆనుకుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. పాపం, భయపడుతున్నాడు అనుకుందామె.

ఫిర్యాదు చేసినవారికి ఒక ప్రతి ఇవ్వాలని కమిటీ ముందే చెప్పింది. ప్రింటరులోంచి వచ్చిన కాగితం వేడి ఆరకముందే పట్టుకుని, కళ్లజోడు తీసుకుని, ఆమె వరండాలోకి నడిచింది. డ్రైవరు భార్య గబుక్కున లేచి నిలబడింది.

“పేరు వచ్చిందా మేడమ్?”

“వచ్చిందమ్మా. దాచనివ్వలేదు.”

“నాకు చదువు రాదు. మీరే చదవండి.”

ఆమె కళ్లజోడు పెట్టుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టింది. మొదట, తనిఖీ చేయాల్సిన అమ్మాయి రాసిన మాటలు ఉన్నాయి. “ఒంట్లో బాగాలేక ఇంటికి వెళ్తున్నాను. మరమ్మతులో ఉన్న బండ్ల సంగతి ఇంకా చూడలేదు. గడి కావాలనే ఖాళీగా వదిలాను. సోమవారం వచ్చి చూస్తాను.”

దాని కింద, టిక్కు పడిన సమయం ఉంది. శుక్రవారం సాయంత్రం, విడత మూసుకోవడానికి రెండు నిమిషాల ముందు.

“ఎవరు మేడమ్? ఆగిపోయారేం? ఎవరు పెట్టారు?”

కాగితం మీద ఉన్నది రిజిస్టరమ్మ అసలు పేరు.