అయిదు మెయిళ్లు

"గడువు తీరకముందే అందరికీ అయిదు మెయిళ్లు పంపుతామమ్మా. డబ్బు కట్టకపోతే ఆ డొమైన్ పేరు ఇంకెవరైనా కొనుక్కోవచ్చు," అంది హరిత. వెబ్‌సైట్ల పేర్లు అమ్మే ఆ మాదాపూర్ ఆఫీసులో పొద్దుట్నుంచీ ఇదే పాట.

"నాకొక్కటీ రాలె బిడ్డా. నా సకినాల సైటు తెరిస్తే పేకాట వస్తుంది! పెండ్లి ఆర్డర్లిచ్చెటోళ్లు ఏమనుకుంటరు?" ఫోన్లో అడిగింది బాలమ్మ.

ఇంకా పదకొండు కాల్స్ వరసలో ఉన్నాయి. బల్ల కింద హరిత కాలు ఆగకుండా ఊగుతోంది.

"అయితే సైటు చేసినవాళ్లదే తప్పమ్మా. వాళ్లనే అడగండి. సైటు పేరేంటి?"

బాలమ్మ చెప్పింది. టైపు చేస్తున్న హరిత వేళ్లు మధ్యలోనే ఆగాయి. పేరు పూర్తి చేయగానే మెయిళ్లు వెళ్లిన ఐడీ తెర మీదికొచ్చింది. కాలేజీ రోజుల్లో వాడి వదిలేసిన తన ఐడీ. గోపన్‌పల్లి హాస్టల్లో కూర్చుని ఆ సైటు చేసింది తనే. యజమాని మెయిల్ అడిగినచోట, తర్వాత మారుద్దాంలే అని తనదే ఇచ్చింది.

"ఉన్నవా బిడ్డా? సైటు చేసిన ఆ పిల్లను మాత్రం అనకు. మస్తు మంచిది. మెయిలొస్తే నాకు చెప్పకుండ ఉంటదా?"

హరిత కాలు ఆగిపోయింది.

"చెప్పలేదమ్మా," అంది. "ఆ పిల్ల నేనే."