నెమ్మదిగా సాగిన కిలోమీటరు

వూర్యాని ఫిర్యాదంతా కూతురి మీదే. లారాస్ మంచినీళ్ళకైనా మంచం దిగదు, ఫోన్‌లో మాత్రం ఆదివారం ఆదివారం పది కిలోమీటర్లు పరుగెత్తేస్తుంది!

ఇండోనేషియాలోని ఆ సోలో నగరంలో లారాస్ ఈడు పిల్లలందరికీ ఇప్పుడు పరుగు పిచ్చి పట్టింది. పరుగెత్తడం కన్నా, పరుగెత్తామని నలుగురికీ చూపించుకోవడం ముఖ్యం. అందుకు అద్దె కాళ్ళు దొరుకుతాయి. లారాస్ గడియారం కట్టుకుని సప్తో అనే కుర్రాడు పరుగెత్తుతాడు. ఆ ఘనత ఈవిడ ఖాతాలో పడుతుంది.

ఇవాళ ఫోన్ మ్యాప్‌లో ఆ గడియారం జాడ చూపే చుక్క దారి తప్పింది.

“అదేమిటే, పాకుతోంది?”

“తెలీడం లేదమ్మా. ఫోనెత్తడు.”

“గడియారం బేరం పెడుతూ కొట్టుకొట్టుకీ ఆగుతున్నాడు!”

లారాస్ మొహం పాలిపోయింది. “నాన్న పెద్ద రోడ్డు మీద గంజి తాగి వచ్చేలోగా దొరకాలమ్మా. ఆయన కొనిచ్చిన గడియారం.”

“ఫోన్ చేసి ఆయన్నే పట్టుకోమందామా?”

“ఎలా? ఆయన ఫోన్ ఇక్కడే చార్జింగ్‌లో ఉంది.”

వూర్యాని సప్తోకి మెసేజ్ కొట్టింది: ‘దొంగా! ఇంకెప్పుడూ మా గుమ్మం తొక్కకు.’

చుక్క వెళ్ళి ఆస్పత్రి దగ్గర ఆగింది.

అక్కడికి చేరాకే సప్తో ఆ మెసేజ్ చదివాడు.

ఆదివారం పొద్దున ఆస్పత్రికి వెళ్ళే ఆ పెద్ద రోడ్డు మీద బండ్లు తిరగనివ్వరు. లారాస్ పుట్టాక మొదటిసారి నిజంగా పరుగెత్తింది. వెనకే వూర్యాని, రొప్పుతూ, తిడుతూ.

“సన్నటి కుర్రాడు, చేతికి గడియారం…” ఆస్పత్రిలో నర్సుని అడిగింది లారాస్.

“లారాస్ గారా?” నర్సు సొరుగులోంచి గడియారం తీసిచ్చింది. “మీకిమ్మన్నాడు. ఫోన్‌లో ఏదో చదువుకుని, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.”

“ఇక్కడికెందుకొచ్చాడు?”

“ఎవరో పెద్దాయన గుండె పట్టుకుని రోడ్డు మీద కూలిపోతే వీపున వేసుకొచ్చాడు. ఆయనెవరో తనకూ తెలీదట. ప్రాణభయం లేదులెండి. జేబులో ఫోనైనా లేదు, ఇంట్లోవాళ్ళకెలా చెప్పాలో!”

వూర్యాని ఆ పెద్దాయన మంచం తెర పక్కకి లాగింది.

“ఏమండీ!”

ఆయన కళ్ళు సగం తెరిచాడు.

లారాస్ సప్తోకి ఫోన్ చేసింది. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

ఇంతలో ఆమె ఖాతాలో పడ్డ పరుగు చూసి, ఫోన్‌లో స్నేహితుల గుంపులో కిసుకిసలు మొదలయ్యాయి: ‘ఏమే లారాస్, ఆ చివరి కిలోమీటరేంటే, పెళ్ళి ఊరేగింపా?’

లారాస్ వాయిస్ మెసేజ్ పెట్టడానికి మైకు నొక్కింది. వార్డంతా వినపడేలా చెప్పింది:

“మీకిన్నాళ్ళూ అబద్ధం చెప్పాను, ఆ పరుగులేవీ నావి కావు. మేం దొంగ అన్న కుర్రాడు ఆ కిలోమీటరంతా మా నాన్నని మోసుకొచ్చాడు.”