పిల్లి పొట్ట, కుక్క తోక

పెరట్లో తిరిగే తెల్లపిల్లికి పొట్ట మీద బొచ్చంతా రాలిపోయి, అరచెయ్యంత మేర నున్నగా అయిపోయింది.

"పేలు పట్టుంటాయి, బూడిదలో పొర్లు," అంది కోడిపెట్ట. పిల్లి పొర్లింది. ఒళ్లు మాసిందే గానీ బొచ్చు తిరిగి రాలేదు.

"తిండి చాలక, చేపలు తిను," అంది బాతు. పిల్లి తిన్నది. పొట్ట నిండింది, బొచ్చు మొలవలేదు.

పాకలో నెమరేస్తున్న ముసలి గేదె అడిగింది. "రోజంతా ఆ పొట్ట నాక్కుంటూనే ఉంటావేమే? ఎప్పట్నుంచి?"

పిల్లి నాలుక ఆగింది. "గేటు దగ్గరికి ఆ కుక్క వచ్చినప్పట్నుంచి. దూడంత ఉంది! భయపడ్డానని తెలిస్తే పరువు పోదూ? అందుకే ఒళ్లు శుభ్రం చేసుకుంటున్నట్టు నాక్కుంటాను."

"అయితే నీ మందు ఆ గేటు దగ్గరే ఉంది. వెళ్లు."

పిల్లి వెళ్లింది. పెరడంతా ఊపిరి బిగబట్టి చూసింది. కుక్క లేచి నిలబడింది. దాని నీడలో పిల్లి మొత్తం మునిగిపోయింది. అంతలో ఆ కొండంత కుక్క గజగజ వణుకుతూ వెనక్కి జరిగి గోడకు అతుక్కుపోయింది.

"నన్ను రక్కకు, అక్కా! ఈ పెరటికి కొత్తదాన్ని. నీ కళ్లు గుర్తొస్తే నాకు నిద్ర పట్టడం లేదు," అంటూ తోక కొరుక్కుంది. ఆ తోక చివర ఒక్క వెంట్రుక కూడా లేదు.

పిల్లి నోరు తెరుచుకుని ఆ తోకనే చూస్తూ ఉండిపోయింది. ఇంత పెద్ద ప్రాణి, తనను చూసి!

తర్వాత మెల్లగా పక్కన కూర్చుని, ఇన్నాళ్లూ తన పొట్టను అరగదీసిన నాలుకతో ఆ బోడి తోకను నాకింది. కుక్క కొరుక్కోవడం మరిచిపోయింది.