రాహుకాలం దాటాక

సర్వర్ మళ్ళీ పడిపోయింది.

“ఏమప్పా వేణుగోపాల్, మళ్ళీనా?” యజమాని నాగసుబ్బయ్య గుమ్మంలో నిలబడి అడిగాడు. అరవడం ఆయనకు చేతకాదు. వేణుకు అదే ఇంకా కష్టంగా ఉంది. “నిన్న మన మెయిల్ పోక దుబాయోళ్ళు బండలు వేరే కాడ కొనేసినారు. రేపు గూడా ఇట్లే అయితే ఈ పని హైదరాబాదోళ్ళకు ఇచ్చేస్తా. నీకు ఈడ పనుండదు, ఏమనుకోవాకు.”

కడపలో నాపబండలు ఎగుమతి చేసే ఆ కంపెనీలో వేణు చేరి నెల తిరగలేదు.

అతను సర్వర్ ముందు కూర్చున్నాడు. యంత్రంలో లోపం లేదు. ఎవరు ఏ పాత మెయిల్ వెతికినా అది మొదటి మెయిల్ నుంచి చివరిదాకా చదువుకుంటూ పోతోంది. ఇక్కడ ఎవరూ ఒక్క మెయిలూ తీసెయ్యరు. బండల ఫొటోలతో సహా ఏళ్ళ తరబడివి అట్లే పేరుకున్నాయి. ఒకరిద్దరు వెతికితే తట్టుకుంటుంది. కానీ ఆఫీసంతా ఒక్కసారే వెతుకుతోంది, అదీ రోజుకో వేళలో. సోమవారం ఆఫీసు తెరవగానే, మంగళవారం సాయంత్రం, ఇవాళ శుక్రవారం మిట్టమధ్యాహ్నం. అదే అంతుబట్టడం లేదు.

రేట్లు చూసే శ్రీవాసవి మజ్జిగ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. “తాగన్నా. మొగం వాడిపోయిండాది.”

“ఇందాక అందరూ ఏం చేస్తా ఉంటిరి?”

“ఏం చేస్తాం, పార్టీకి రేటు చెప్పాలంటే పోయినసారి ఎంత చెప్పినామో వెతుక్కోవాల కదా.”

“అందరూ ఒకేసారా?”

“రాహుకాలం పోతేనే కదన్నా రేటు చెప్పేది? అంతదాకా చేతులు కట్టుకుని కూర్చుంటాం. సార్ భార్య సుందరలక్ష్మమ్మ పెట్టిన రూలు. అమ్మ పోయినా సార్ తప్పరు.”

వేణు మజ్జిగ గటగటా తాగేశాడు. ఆ పూట అంత చల్లనిది మరొకటి లేదనిపించింది.

ఏ మాట ఏ మెయిల్లో ఉందో ముందే పట్టిక కట్టిపెడితే సర్వర్ అన్నీ చదవనక్కర్లేదు. కట్టడానికి గంట పైన పడుతుంది. ఆ సేపు ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. రాత్రి చేద్దామంటే కరెంటు కోత. పగలు ఆఫీసు ఊరకుండేది ఒక్కటే సమయం.

“అంటే, కొత్త పని రాహుకాలంలో మొదలుపెట్టాలంటావు,” అన్నాడు నాగసుబ్బయ్య అంతా విని.

“వేరే దారి లేదు సార్.”

ఆయన గోడమీది భార్య ఫొటో వైపు చాలాసేపు చూశాడు. తన ఉద్యోగం పోయినట్టేనని వేణు తల వంచుకున్నాడు.

“సరే. రేపే మొదలుపెట్టు.”

శనివారం రాహుకాలం రాగానే వేణు పని మొదలుపెట్టాడు. అది దాటగానే ఆఫీసంతా ఎప్పటిలాగే వెతుకులాటలో పడింది. వేణు తెర మీంచి చూపు తిప్పలేదు. సర్వర్ చెక్కుచెదరలేదు.

“వెతికేలోపలే వచ్చేస్తాండాది!” అని శ్రీవాసవి తన సీట్లోంచే కేకేసింది.

వేణు నేరుగా యజమాని గదిలోకి వెళ్ళి, ఉండబట్టలేక అడిగాడు. “రాహుకాలమంటే మీకు అంత పట్టింపు కదా సార్, ఎట్లా ఒప్పుకున్నారు?”

“పట్టింపు నాకు యాడిదప్పా, ఆమెకుండె. బతికినన్నాళ్ళూ ఆమెకు అదే భయం.” నాగసుబ్బయ్య ఫొటో మీది దండ సర్ది నవ్వాడు. “పెండ్లిబస్సు రాజంపేట దారిలో చెడిపోయి, నేను ఆమెకు తాళి కట్టిందే రాహుకాలంలో. ముప్పై ఏండ్లు, మా కాపురం ఒక్క పూట గూడా పడిపోలే.”